ఒక క్యాలెండర్, నలుగురి హక్కులు

ఒక ఇంటి సంగతి అనుకుందాం. గుంటూరులో ఉంటున్న తండ్రికి సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్ చేయించాలి. ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లే పని భార్య, పెద్దకొడుకు, పక్క వీధిలో ఉండే మేనల్లుడు పంచుకున్నారు. కూతురు డాలస్‌లో ఉంటుంది. ఏ రోజు ఎవరు వెళ్తున్నారో, కిడ్నీ డాక్టరు మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో, రక్తపరీక్ష ఎప్పుడో ఆమెకీ తెలియాలి. వాట్సాప్ గ్రూపులో పెట్టుకుంటే పొద్దున రాసిన సంగతి సాయంత్రానికి మిగతా మెసేజీల కిందికి పోతుంది. ఈసారి శుక్రవారం బదులు శనివారం రమ్మన్నారన్న మార్పు ఒకరికి తెలుస్తుంది, ఇంకొకరికి తెలియదు. నడవలేని మనిషిని ఆసుపత్రి గుమ్మం దాకా తీసుకెళ్లి వెనక్కి తీసుకురావాల్సి వస్తుంది.

ఈ ఇంటికి కావలసింది అందరి ఫోన్లలోనూ కనిపించే ఒకే క్యాలెండర్. పెద్ద కంపెనీలు ఆ సదుపాయం ఉచితంగానే ఇస్తున్నాయి. గూగుల్ క్యాలెండర్ 2006 నుంచీ ఉంది. అయితే ఒక మనిషి క్యాలెండర్ చదివితే ఆ మనిషి బతుకు సగం తెలిసిపోతుంది. ఏ జబ్బు, ఏ డాక్టరు, కోర్టు వాయిదా ఎప్పుడు, ఇంటికి తాళం వేసి ఊరెళ్లేది ఎన్ని రోజులు, అన్నీ అందులో ఉంటాయి. అవి తమ చేతిలోనే ఉండాలనుకునేవాళ్లు సొంత సర్వర్ పెట్టుకుంటున్నారు. అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ ఒకటి ఇంట్లో ఒక మూల పెట్టినా, నెలనెలా అద్దె కట్టి ఎక్కడో ఒక చిన్న సర్వర్ తీసుకున్నా పని జరుగుతుంది. రాడికేల్, బైకాల్, డావికాల్, సోగో, నెక్స్ట్‌క్లౌడ్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. వాటి సోర్స్ కోడ్ ఎవరైనా తెరిచి చూడొచ్చు.

సర్వర్ పెట్టడం ఓపిక ఉన్నవాళ్లకి ఒక పూట పని. అసలు చిక్కు ఆ తరవాత, ఒకరి క్యాలెండర్‌ని ఇంకొకరికి పంచేటప్పుడు మొదలవుతుంది. ఎవరు చూడొచ్చు? ఎంత చూడొచ్చు? ఎవరు మార్చొచ్చు? ఇద్దరు ఒకేసారి మారిస్తే ఎవరి మాట నిలవాలి? ఇంట్లో మనుషుల మధ్య చెప్పకుండానే నడిచిపోయే ఈ ఒప్పందాలన్నీ యంత్రానికి మాత్రం అక్షరం అక్షరం రాసి చెప్పాలి. వాటిని ఎలా రాస్తారో తెలిస్తే ఈ సర్వర్లు ఎందుకలా ప్రవర్తిస్తాయో తేలిగ్గా అర్థమవుతుంది.

ఒక అపాయింట్‌మెంట్ లోపల

ఫోన్ తెర మీద రంగురంగుల గడిలో కనిపించే అపాయింట్‌మెంట్ సర్వర్‌లో ఉత్త అక్షరాల ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. దాని రూపానికి ఐక్యాలెండర్ అని పేరు. యాపిల్, ఏటీ అండ్ టీ, ఐబీఎం, సీమెన్స్ కలిసి పెట్టుకున్న వెర్సిట్ అనే కూటమి 1996లో తెచ్చిన వీక్యాలెండర్ దీనికి ముందుతరం. దాన్ని ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ తీసుకుని పెంచి, 1998లో ఆర్‌ఎఫ్‌సీ 2445 అనే ప్రమాణ పత్రంగా ప్రచురించింది. 2009లో దాన్ని సవరించి ఆర్‌ఎఫ్‌సీ 5545 చేశారు. ఇప్పటి యాప్‌లు చాలావరకు మాట్లాడేది ఈ భాషే.

మన డయాలసిస్ ఫైలు తెరిస్తే ఏముంటుంది? మొదట ఒక పొడుగాటి గుర్తింపు సంఖ్య. దాన్ని యూఐడీ అంటారు. ప్రపంచంలో ఇంకే అపాయింట్‌మెంట్‌కీ ఆ సంఖ్య ఉండకూడదు. తరవాత మొదలయ్యే వేళ, ముగిసే వేళ, పేరు. ఆ కింద పునరావృత్తి నియమం, అంటే ఇది వారానికోసారి వచ్చేదనీ, ఆ వారంలో సోమ, బుధ, శుక్రవారాల్లో వస్తుందనీ చెప్పే ఒకే ఒక వరస. రాబోయే ఏళ్లన్నిటి డయాలసిస్‌లూ ఆ ఒక్క వరసలోనే ఉన్నాయి. ఫోన్ ఆ నియమం చదివి తేదీలు తానే లెక్క కట్టుకుంటుంది. దీపావళి రోజు కుదరదంటే ఆ తేదీని మినహాయింపుగా ఇంకో వరసలో రాస్తారు. ఒక శుక్రవారం మాత్రం శనివారానికి మారిందంటే, అదే యూఐడీతో ఆ ఒక్క రోజుకి వేరే చీటీ రాసి, అదే ఫైలులో కింద అతికిస్తారు. ఈ అతికింపు సంగతి గుర్తుంచుకోండి, ముందుముందు పనికొస్తుంది.

తెలుగులో రాసుకునేవాళ్లకి సంబంధించిన ముచ్చట ఒకటి ఇక్కడే చెప్పాలి. ఈ ఫైలులో ఒక వరస 75 బైట్లకి మించకూడదని నియమం. మించితే విరిచి, తరవాతి వరసని ఒక ఖాళీతో మొదలుపెట్టాలి. ఇంగ్లీషు అక్షరం ఒక బైటులో సరిపోతుంది. తెలుగు అక్షరానికి యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు కావాలి. గుణింతానికీ ఒత్తుకీ మళ్లీ వేరే. ‘శ్రీ’ అనే ఒక్క అక్షరం లోపల శ, విరామం, ర, ఈత్వం అని నాలుగు ముక్కలున్నాయి, అంటే 12 బైట్లు. పేరు రాసే వరసలో ముందుండే సమ్మరీ అనే ఇంగ్లీషు మాటా, దాని పక్క కోలనూ కలిసి 8 బైట్లు తీసుకుంటాయి. మిగిలిన 67లో ఖాళీ లేకుండా రాస్తే 22 తెలుగు ముక్కలు పట్టి, ఒక బైటు మిగులుతుంది. తెలివితక్కువ సాఫ్ట్‌వేర్ 23వ ముక్కని సరిగ్గా ఆ ఒక్క బైటు దగ్గర నరికేస్తుంది. ఇలా జరగొచ్చని ప్రమాణం రాసినవాళ్లు ముందే గ్రహించారు. అందుకే చదివే సాఫ్ట్‌వేర్ మొదట బైట్లన్నిటినీ అతికించి, ఆ తరవాతే అక్షరాలుగా చదవాలని హెచ్చరించారు. ఆ హెచ్చరికని పట్టించుకోని యాప్‌లో తెలుగు పేర్ల మధ్య నల్లటి ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. అలా కనిపిస్తే తప్పు మీ భాషది కాదు, ఆ యాప్‌ది.

కాపీ, చందా, పంపకం

క్యాలెండర్ ‘పంపాను’ అనే మాటతో జనం మూడు వేరువేరు పనులు చేస్తుంటారు.

మొదటిది కాపీ. ఫైలుని మెయిల్లోనో వాట్సాప్‌లోనో పంపిస్తే అవతలివాళ్లు తమ క్యాలెండర్‌లోకి దించుకుంటారు. ఆ క్షణం నుంచి రెండు ప్రతులు. అక్కడ మారింది ఇక్కడికి తెలియదు. రెండోది చందా. సర్వర్‌లో ఒక చిరునామా ఇస్తే అవతలి ఫోన్ అప్పుడప్పుడూ వెళ్లి కొత్త ప్రతి తెచ్చుకుంటుంది. చదవడమే తప్ప రాయడం కుదరదు. సెలవుల జాబితాకీ బడి టైంటేబుల్‌కీ ఇది చాలు. కానీ ఆ చిరునామా తెలిసినవాళ్లెవరైనా చదవగలరు. అది ఎవరికి ఫార్వర్డ్ అయిందో మనకి తెలియదు. మూడోది అసలైన పంపకం. ప్రతి ఒక్కటే ఉంటుంది, సర్వర్‌లో. దాని మీద ఎవరికి ఏ హక్కు ఉందో సర్వర్‌కి పేరుపేరునా తెలుసు. మన గుంటూరు కుటుంబానికి కావలసింది ఈ మూడోదే.

దీనికి ఆధారం క్యాల్‌డావ్ అనే ఒప్పందం. వెబ్ పేజీలు చూడటానికి మన బ్రౌజర్ వాడే హెచ్‌టీటీపీ భాషకి, ఫోల్డర్లు సృష్టించడం, ఫైళ్లు రాయడం, జాబితా అడగడం నేర్పితే అది వెబ్‌డావ్ అయింది, 1999 నాటిది. దానికి క్యాలెండర్ తెలివి నేర్పితే క్యాల్‌డావ్. 2003లో లీసా డ్యూసో మొదటి ముసాయిదా రాసింది. తరవాత సైరస్ డాబూ, బెర్నార్డ్ డెరూయిసో ఆమెతో కలిసి 2007లో దాన్ని ఆర్‌ఎఫ్‌సీ 4791గా పూర్తిచేశారు. దీని లెక్కలో ఒక క్యాలెండర్ అంటే ఒక ఫోల్డర్. ఒక అపాయింట్‌మెంట్ అంటే అందులో ఒక ఫైలు. ప్రతి ఫైలుకీ ఒక వెబ్ చిరునామా. రాడికేల్ సర్వర్ ఈ ఊహని మక్కీకి మక్కీ పాటిస్తుంది. డిస్కులోకి తొంగిచూస్తే ప్రతి మనిషికీ ఒక ఫోల్డర్, అందులో క్యాలెండర్‌కో ఫోల్డర్, దాని నిండా చిన్నచిన్న ఫైళ్లు. డేటాబేస్ అంటూ వేరే ఏమీ లేదు. నేర్చుకోవాలనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి సర్వర్ లేదని నా అభిప్రాయం.

అనుమతి ఉన్నా కనిపించని క్యాలెండర్

రాడికేల్‌లో మొదట ఎవరి ఫోల్డర్ వాళ్లదే. ఇంకొకరు తొంగిచూడటానికి లేదు. పంచుకోవాలంటే హక్కుల ఫైలు అని ఒకటి రాయాలి. అందులో ప్రతి నియమానికీ మూడు ముక్కలుంటాయి: ఎవరు, ఏ ఫోల్డర్, ఏ అనుమతి. పెద్దకొడుకు తన ఫోల్డర్ కింద ‘నాన్న’ అనే క్యాలెండర్ పెట్టాడు. చెల్లెలు దాన్ని చదవొచ్చు, అమ్మ చదవొచ్చు, మేనల్లుడు చదవొచ్చు, రాయొచ్చు అని నియమాలు రాశాడు. చదివే అనుమతికి ఆర్, రాసే అనుమతికి డబ్ల్యూ. ఇక్కడో తిరకాసు ఉంది. చిన్న ఆర్ క్యాలెండర్లకీ చిరునామా పుస్తకాలకీ వర్తిస్తుంది, పెద్ద ఆర్ వాటి పైనుండే మామూలు ఫోల్డర్లకి. పెద్ద ఆర్ మాత్రమే రాసినవాడికి క్యాలెండర్ లోపలిది కనిపించదు. ఇంకో సంగతి, సర్వర్ నియమాల్ని పైనుంచి చదువుతూ వచ్చి, సరిపోయిన మొదటిదాని దగ్గరే ఆగిపోతుంది. అందరికీ వర్తించే నియమాన్ని పైన రాసి, మేనల్లుడి ప్రత్యేక నియమాన్ని కింద రాస్తే ఆ కిందిది ఎన్నడూ అమలు కాదు.

అన్నీ సరిగ్గానే రాశాడనుకుందాం. డాలస్‌లో చెల్లెలు ఫోన్ తెరిచి చూస్తే ‘నాన్న’ క్యాలెండర్ లేదు. అన్నయ్యకి ఫోన్ చేస్తుంది. అతను నియమాలు మళ్లీ మళ్లీ చదువుతాడు, తప్పేమీ దొరకదు. సొంత సర్వర్ పెట్టుకున్నవాళ్లలో చాలామంది మొదట చతికిలపడేది సరిగ్గా ఇక్కడే.

కారణం ఫోన్ వెతికే తీరులో ఉంది. సర్వర్ పేరూ పాస్‌వర్డూ ఇవ్వగానే ఫోన్ వరసగా మూడు ప్రశ్నలు అడుగుతుంది. ‘నేనెవర్ని?’ అన్నది మొదటిది. సర్వర్ ఆమె గుర్తింపు చిరునామా చెబుతుంది. ‘నా క్యాలెండర్లు ఉండే ఇల్లెక్కడ?’ అన్నది రెండోది. ఆమె సొంత ఫోల్డర్ చూపిస్తుంది. ‘ఆ ఇంట్లో ఏమేం ఉన్నాయి?’ అన్నది మూడోది, జాబితా వస్తుంది. ‘నాన్న’ క్యాలెండర్ అన్నయ్య ఫోల్డర్‌లో ఉంది కాబట్టి జాబితాలోకి రాదు. ఫోన్ పక్కింట్లోకి వెళ్లి వెతకదు. ఒక గది తాళంచెవి చేతికిచ్చి, ఆ గది ఏ వీధిలో ఉందో చెప్పనట్టు అయింది. అనుమతి ఉండటం వేరు, కనిపించడం వేరు. ఈ రెండిటినీ విడివిడిగా చూడనంతకాలం క్యాలెండర్ పంపకం అయోమయంగానే ఉంటుంది.

దీనికి రెండు మందులున్నాయి. ఒకటి, సర్వర్ చిరునామా బదులు ఆ క్యాలెండర్ పూర్తి చిరునామానే ఫోన్‌కి ఇవ్వడం. ఆండ్రాయిడ్‌లో డావ్‌ఎక్స్‌ 5 లాంటి యాప్, కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ ఇందుకు ఒప్పుకుంటాయి. రెండోది, చెల్లెలి ఇంట్లోనే ఆ క్యాలెండర్ ఉన్నట్టు సర్వర్ చూపించడం. నెక్స్ట్‌క్లౌడ్ చేసే పని ఇదే. అన్నయ్య తెర మీద చెల్లెలి పేరు టైపుచేసి పంచగానే, ఆమె ఫోల్డర్‌లో ఒక నీడ ఫోల్డర్ పుడుతుంది. ఇది ఫలానావారు పంచినదన్న గుర్తు దాని చిరునామాలోనే ఉంటుంది. ఫోన్ జాబితా అడిగితే అదీ కనిపిస్తుంది. లోపలి ఫైళ్లు మాత్రం అన్నయ్యవే.

ఇంత ముఖ్యమైన పనికి అందరూ ఒప్పుకున్న పద్ధతి ఉండాలి కదా? లేదు. ఎవరికి ఏ హక్కుందో రాసే వ్యాకరణం 2004 నుంచీ ఉంది, ఆర్‌ఎఫ్‌సీ 3744 రూపంలో. కానీ చాలా ఫోన్ యాప్‌లలో దాన్ని వాడే మెనూయే కనిపించదు. ‘ఈ క్యాలెండర్ నీతో పంచుకుంటున్నాను, ఒప్పుకుంటావా?’ అని ఒకరు అడగడం, ఇంకొకరు ఒప్పుకోవడం అనే సంభాషణ ఎలా సాగాలో యాపిల్ ఇంజనీర్లు ఒక ముసాయిదాలో రాశారు. బైకాల్‌లోనూ నెక్స్ట్‌క్లౌడ్‌లోనూ లోపల పనిచేసే సేబర్‌డావ్ రచయిత ఎవర్ట్ పాట్ తరవాత ఇంకో ముసాయిదా రాశాడు. రెండూ ఆర్‌ఎఫ్‌సీ స్థాయికి చేరలేదు. అందుకే ఒక సర్వర్‌లో ఒక్క బటన్ నొక్కితే అయ్యే పంపకానికి ఇంకో సర్వర్‌లో హక్కుల ఫైలు రాయాల్సి వస్తోంది. అపాయింట్‌మెంట్‌ని ఎలా రాయాలో 1998కే తేల్చుకున్న రంగం, దాన్ని నలుగురు ఎలా పంచుకోవాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఇది పెద్ద లోటు. సొంత సర్వర్లు మామూలు ఇళ్లలోకి రాకపోవడానికి దీని పాలు చాలా ఉంది.

ఇద్దరు ఒకేసారి రాస్తే

బుధవారం పొద్దున ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది, శుక్రవారం సెషన్ శనివారానికి మార్చామని. అమ్మ చెప్పగానే పెద్దకొడుకు తన ఫోన్‌లో మార్చాడు. అదే సమయానికి మేనల్లుడు, తనకి వచ్చే సోమవారం కుదరదని ఆ రోజు చీటీలో ‘బావ వెళ్లాలి’ అని రాశాడు. ఇద్దరూ ముట్టుకున్నది వేరువేరు రోజులు. గొడవ రాకూడదనిపిస్తుంది. కానీ ఒకే నియమం నుంచి పుట్టిన రోజులన్నీ, వాటికి అతికించిన చీటీలన్నీ ఒకే ఫైలులో ఉండాలని క్యాల్‌డావ్ నిబంధన. ఇద్దరూ మార్చింది ఒకే ఫైలుని.

ఇక్కడ ఈట్యాగ్ అనే చిన్న ఏర్పాటు కాపాడుతుంది. ఫైలు ఏ కొంచెం మారినా సర్వర్ దానికి కొత్త ముద్ర వేస్తుంది. ఆ ముద్రే ఈట్యాగ్. పొద్దున ఇద్దరి ఫోన్లూ ఫైలుని దించుకున్నప్పుడు దాని మీద ఒకే ముద్ర ఉంది. పెద్దకొడుకు ఫోన్ ముందు వెళ్లి, ‘పాత ముద్ర అలాగే ఉంటేనే ఈ కొత్త ఫైలు తీసుకో’ అంది. అలాగే ఉంది, సర్వర్ తీసుకుని కొత్త ముద్ర వేసింది. క్షణం తరవాత మేనల్లుడి ఫోన్ వచ్చి అదే మాట అంది. కానీ ముద్ర మారిపోయింది. సర్వర్ ఫైలు తీసుకోకుండా 412 అనే సంఖ్య వెనక్కి పంపింది: నువ్వు పెట్టిన షరతు నెరవేరలేదు అని. ఈ కాపలా లేకపోతే మేనల్లుడి ఫైలు వచ్చి పెద్దకొడుకు రాసినదాన్ని తుడిచేసేది. శనివారం మార్పు ఎవరికీ తెలియకుండా మాయమయ్యేది. తాళాలు వేసి ఒకరి తరవాత ఒకర్ని లోపలికి పంపే పద్ధతి కంటే ఇది ఎంతో తెలివైనది. ఫోన్‌కి సిగ్నల్ లేక మధ్యలో ఆగిపోయినా ఎవరికీ అడ్డం పడదు.

412 అందుకున్న ఫోన్ తరవాత ఏం చేయాలన్నది యాప్ ఇష్టం. థండర్‌బర్డ్ మనిషిని అడుగుతుంది, నీది ఉంచమంటావా, సర్వర్‌లోది తెమ్మంటావా అని. కొన్ని ఫోన్ యాప్‌లు అడక్కుండా సర్వర్‌లోదే తీసుకుంటాయి; అప్పుడు మేనల్లుడు రాసింది పోయినట్టే. అందుకని నా సలహా ఇది: ఎవరు తీసుకెళ్తున్నారన్నది డయాలసిస్ ఫైలులో రాయకుండా వేరే చిన్న అపాయింట్‌మెంట్‌గా పెట్టుకోండి. ఫైళ్లు వేరైతే తగువే ఉండదు.

ఇంకో పరిమితి కూడా తెలిసి ఉండాలి. క్యాల్‌డావ్‌ని రాసినప్పుడు, సర్వర్ తనంతట తాను ఫోన్‌ని పిలిచి చెప్పే ఏర్పాటు అందులో పెట్టలేదు. ఫోనే వెళ్లి ‘కొత్తగా ఏమైనా ఉందా’ అని అడగాలి. ప్రతిసారీ మొత్తం జాబితా తెచ్చుకోకుండా, కిందటిసారి తరవాత మారినవి మాత్రమే తెచ్చుకునే పద్ధతి 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6578తో వచ్చింది. బ్యాటరీ ఆదా కోసం చాలామంది ఫోన్లలో ఈ అడగడం గంటకోసారో నాలుగు గంటలకోసారో పెట్టి ఉంటుంది. కాబట్టి ఈ పూట మార్పుని క్యాలెండర్‌లో రాసి ఊరుకోవద్దు, ఫోన్ చేసి చెప్పండి.

చూడటంలో మెట్లు

రాయడం, చదవడం కాక క్యాల్‌డావ్‌లో మూడో హక్కు ఒకటుంది: ఎప్పుడు ఖాళీ, ఎప్పుడు కాదు అన్నది మాత్రమే చూడటం. ఏం పని, ఎక్కడ, ఎవరితో అన్నవేవీ తెలియవు. మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా తీరిక లేదని మాత్రం తెలుస్తుంది. ఆఫీసులో మీటింగు కుదుర్చుకోవడానికి ఇది చాలు. పక్క సీటు ఉద్యోగికి మీ డాక్టరు పేరు తెలియాల్సిన పనిలేదు. ముగ్గురికి చదివే హక్కు ఇవ్వబోయే ముందు ఈ మెట్టు సరిపోతుందేమో ఆలోచించండి. అన్ని సర్వర్లూ దీన్ని ఒకేలా అందివ్వవు గానీ, ఉన్నచోట వాడుకోవాలి.

క్యాలెండర్ మొత్తాన్ని పంచి, అందులో ఒకటి రెండు సంగతులు దాచుకోవాలంటే? ఐక్యాలెండర్ ఫైలులో క్లాస్ అనే వరస ఉంది. బహిరంగం, సొంతం, రహస్యం అని మూడింటిలో ఒకటి రాసుకోవచ్చు. నెక్స్ట్‌క్లౌడ్ దీన్ని గౌరవిస్తుంది: ‘సొంతం’ అన్నవి పంచుకున్నవాళ్లకి అసలు కనిపించవు, ‘రహస్యం’ అన్నవి తీరిక లేదన్నట్టు మాత్రమే కనిపిస్తాయి. కానీ ప్రమాణం ప్రకారం ఆ వరస యజమాని ఉద్దేశాన్ని తెలిపేది మాత్రమే. కాపలా కాసేది కాదు. ఫైళ్లని ఉన్నవున్నట్టు అందించే సర్వర్ దగ్గర ‘సొంతం’ అని రాసిన అపాయింట్‌మెంట్ కూడా చదివే హక్కున్న ప్రతి ఫోన్‌కీ వెళ్తుంది. కాబట్టి దాచుకోవలసినవాటికి వేరే క్యాలెండర్ పెట్టుకుని దాన్ని ఎవరికీ పంచకపోవడమే క్షేమం. ఎన్ని క్యాలెండర్లు పెట్టుకున్నా ఖర్చేమీ లేదు.

రాసే హక్కు ఇచ్చామంటే చెరిపే హక్కూ ఇచ్చామన్నమాట. మేనల్లుడు తన ఫోన్ శుభ్రం చేసుకుంటూ పాత డయాలసిస్ నియమం తీసేస్తే అందరి ఫోన్లలోంచీ పోతుంది. నెక్స్ట్‌క్లౌడ్‌లో చెరిపినవి చెత్తబుట్టలో మామూలుగా 30 రోజులు ఉంటాయి. రాడికేల్‌లో ప్రతి మార్పు తరవాత ఒక ఆజ్ఞ నడిపే ఏర్పాటుంది. దానికి గిట్ అనే సాఫ్ట్‌వేర్‌ని తగిలిస్తే ఎవరు ఎప్పుడు ఏ ఫైలు మార్చారో చరిత్రంతా మిగులుతుంది, ఏ రోజుకైనా వెనక్కి వెళ్లొచ్చు. ఇంటి క్యాలెండర్‌కి ఈ పని తప్పక చేయాలి.

రెండు ఊళ్ల గడియారాలు, ఒక పంచాంగం

ఆదివారం పొద్దున 7:30కి అందరూ వీడియో కాల్‌లో కలుస్తారు. అప్పుడు డాలస్‌లో శనివారం రాత్రి 8. ఈ అపాయింట్‌మెంట్‌ని అన్నయ్య పెట్టాడా, చెల్లెలు పెట్టిందా అన్నదాన్ని బట్టి మార్చి తరవాత కథ మారుతుంది. మార్చి రెండో ఆదివారం అమెరికా గడియారాలు ఒక గంట ముందుకి జరుగుతాయి, మనవి కదలవు. అన్నయ్య పెట్టి ఉంటే ఫైలులో కాలమండలం ఆసియా, కోల్‌కతా అని ఉంటుంది: గుంటూరులో 7:30 అలాగే ఉండి, డాలస్‌లో రాత్రి 9 అవుతుంది. చెల్లెలు పెట్టి ఉంటే అమెరికా, షికాగో అని ఉంటుంది: ఆమెకి 8 అలాగే ఉండి, ఇక్కడ పొద్దున 6:30కే ఫోన్ మోగుతుంది. క్యాలెండర్ పొరబడలేదు, తనకి రాసిచ్చిన మండలాన్ని పాటించింది. ఎవరి నిద్రకి ప్రాధాన్యమో ఇంట్లో మాట్లాడుకుని, వాళ్ల మండలంతో అపాయింట్‌మెంట్ పెట్టుకోవాలి.

తిథుల దగ్గర మాత్రం ఈ వ్యవస్థ చేతులెత్తేస్తుంది. ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది. ఏటా ఫలానా తేదీ అనో, ఫలానా నెల రెండో ఆదివారం అనో రాసే నియమంతో దీన్ని చెప్పలేం. గ్రెగోరియన్ కాని క్యాలెండర్ల కోసం 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7529 వచ్చింది. చైనా, యూదు, ఇథియోపియా క్యాలెండర్ల తేదీలు దానితో రాయొచ్చు. భారతీయమని అందులో దొరికేది ప్రభుత్వం 1957లో ప్రవేశపెట్టిన శక క్యాలెండర్. దాని చైత్రం మామూలు ఏడాదుల్లో మార్చి 22నే మొదలవుతుంది, మన చాంద్రమాన చైత్రంతో కలవదు. కాబట్టి పండగలూ, తాతగారి తద్దినం తిథీ ఏటా పంచాంగం చూసి ఒక్కొక్కటే రాసుకోవాలి. ఇళ్లల్లో ఈ లెక్క తెలిసినవాళ్లు సాధారణంగా ఒక్కరే ఉంటారు. ‘తిథులు’ అని వేరే క్యాలెండర్ పెట్టి, రాసే హక్కు వారికి మాత్రం ఇచ్చి, మిగతా అందరికీ చదివే హక్కు ఇవ్వండి. అమెరికాలో ఉన్న పిల్లలకి తద్దినం తేదీ ఫోన్‌లో కనిపించడం చిన్న విషయం కాదు. అక్కడి సూర్యోదయాన్ని బట్టి తిథి ఒక రోజు అటూఇటూ కావచ్చు గనక, ఎక్కడి పంచాంగం చూసి రాశారో ఆ చీటీలోనే రాయమనండి.

తాళాలెవరి దగ్గర

సొంత సర్వర్ అంటాం గానీ, అది ఎవరికి సొంతం? సర్వర్ మీద పూర్తి అధికారం ఇచ్చే రూట్ పాస్‌వర్డ్ ఉన్న పెద్దకొడుక్కి. ఈ ఫైళ్లన్నీ విప్పి చదవగలిగే అక్షరాలే కాబట్టి, హక్కుల ఫైలు ఏం చెప్పినా అతను ఎవరి క్యాలెండరైనా తెరవగలడు. చెల్లెలూ మేనల్లుడూ కంపెనీ బదులు అతన్ని నమ్ముతున్నారన్నమాట. చాలా ఇళ్లలో ఇది మంచి బేరమే, కానీ ఈ సంగతి వాళ్లకి చెప్పి ఒప్పించాలి. సర్వర్ యజమానికి కూడా అర్థం కాకుండా ఫోన్‌లోనే గుప్తీకరించి పంపే ఈటీసింక్ లాంటివి ఉన్నాయి; అవి క్యాల్‌డావ్ కాక తమ సొంత పద్ధతి వాడతాయి.

తాళాలు పట్టుకున్నవాడికి పని కూడా ఉంటుంది. క్యాల్‌డావ్ యాప్‌లు సాధారణంగా పేరూ పాస్‌వర్డూ ప్రతి ప్రశ్నతోనూ పంపుతాయి, అదీ ఎవరైనా తేలిగ్గా విప్పి చదవగలిగే రూపంలో. కాబట్టి దారిలో ఎవరూ చదవకుండా కాపాడే హెచ్‌టీటీపీఎస్ లేకుండా ఈ సర్వర్‌ని ఇంటర్నెట్‌లో పెట్టకూడదు. దానికి కావలసిన సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇస్తుంది. మన దేశంలో చాలా ఇంటి కనెక్షన్లకి బయటినుంచి చేరగలిగే సొంత ఐపీవీ4 చిరునామా ఉండదు. ఇంట్లో పెట్టిన రాస్ప్‌బెర్రీ పై డాలస్‌కి కనిపించాలంటే బయటినుంచి చేరగలిగే ఇంకో యంత్రం గుండా వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ నడపాలి, లేదా క్యాలెండర్‌నే అద్దె సర్వర్‌లో పెట్టాలి. ఆ చిన్న కంప్యూటర్లో వాడే మెమరీ కార్డులు అరిగిపోయి ఉన్నట్టుండి పాడవుతాయి. ఫైళ్ల కాపీ ఇంకోచోట ఉండాలి.

ఒక మాట చెప్పి ముగిస్తాను. పంచిన క్యాలెండర్‌ని మళ్లీ వెనక్కి తీసుకుంటే, తరవాతిసారి అడగడానికి వచ్చిన ఫోన్‌ని సర్వర్ తిప్పి పంపుతుంది. కానీ అప్పటికే చదివినదాన్ని, కాపీ తీసుకున్నదాన్ని ఏ సర్వర్ కూడా వెనక్కి తేలేదు. పెళ్లి పనుల కోసం పంచిన క్యాలెండర్, మానేసిన ఉద్యోగంలో సహోద్యోగులతో పంచిన క్యాలెండర్, ఎప్పుడో పంపిన చందా లింకు ఏళ్లతరబడి తెరిచే ఉండిపోతాయి. సొంత సర్వర్ ఉన్నా, కంపెనీ క్యాలెండరే వాడుతున్నా, ఈ వారంలో ఒకసారి సెట్టింగులు తెరిచి మీ క్యాలెండర్ ఎవరెవరికి పంచి ఉందో చూడండి. అవసరం తీరిన పేర్లు తీసేయండి. రాసే హక్కు అక్కర్లేనివాళ్లకి చదివే హక్కు మాత్రం ఉంచండి.